మనం లెక్క అప్పజెప్పని తీరిక

దశమభాగం దగ్గర మన సంఘాలు గట్టివే. జీతం రాగానే కానుక కవరు విడిగా తీసిపెట్టే ఇళ్లు ఎన్నో. అన్నం వండినప్పుడల్లా మన అమ్మమ్మలు పక్కన పోసిన పిడికెడు బియ్యంతోనే పల్లెల్లో పరిచర్య నడిచింది. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు క్రైస్తవులు ఇవ్వడం గురించి పుస్తకమే రాశారు. డబ్బుకు మనం గృహనిర్వాహకులమేనని ఒప్పుకున్నాం. తీరికకు మాత్రం ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదన్నట్టు బతికాం.

ఖాళీగా కూర్చోవడమే పాపమనుకున్నాం. కూటం మీద కూటం పెట్టాం. తినడానికైనా తీరిక లేని శిష్యులను ప్రభువే విశ్రాంతికి పిలిచాడని మార్కు ఆరో అధ్యాయంలో ఉంది. ఆ మాట దాటేసి, అయిదు వేలమందికి రొట్టెలు పంచిన చోటికి పరుగెడతాం. విశ్రమించడం నేర్పలేదు కనుక పిల్లల తీరికను ఫోను తినేసింది. వాళ్లను గద్దిస్తాం, పక్క గదిలో మనం చేసేదీ అదే. ముసలి తల్లి దగ్గర ఊరికే కాసేపు కూర్చున్నా అది దేవునికి ఇచ్చిన సమయమేనని వాళ్లకు చెప్పలేకపోయాం.

ఇంతకన్నా బరువైన తప్పు మన ఆదివారాల్లో ఉంది. తెల్లారకముందే లేచి, టిఫిను చేసి, మసాలా నూరి, పిల్లల తలలు దువ్వి, రెండో పాటకు మందిరంలో అడుగుపెట్టిన అక్కను ఆలస్యమని అందరి ముందూ మందలించాం. ఆరాధన అయ్యాక మగవాళ్లం చెట్టు కింద కమిటీ మాటల్లో పడతాం, ఆమె గబగబా ఇంటికెళ్లి అన్నం వారుస్తుంది. తిన్నాక మనకు కునుకు. గిన్నెలు ఆమెకో, పనిమనిషికో.

ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయం విశ్రాంతిదినానికి చెప్పే కారణం ఐగుప్తు. మీరూ దాసులుగా బతికారు కనుక మీ దాసుడూ దాసీ మీలాగే విశ్రమించాలని. ఎద్దునూ గాడిదనూ కూడా మరవలేదు. మన తాతల్లో ఎందరో పాలేర్లు. సెలవంటే ఎరగరు. పొద్దంతా ఆసామి పొలంలో చేసి, రాత్రి లాంతరు వెలుగులో ప్రార్థనకు కూడేవాళ్లు. ఆ ఆజ్ఞ ఎవరికి అర్థం కాకపోయినా మనకు అర్థం కావాలి.

బొంబాయి మిల్లు కూలీలకు ఆదివారం సెలవు 1890లో దక్కింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడిన నారాయణ్ మేఘాజీ లోఖండే సంఘ సంస్కర్త ఫూలేకు సహచరుడు, క్రైస్తవుడు కాడు. వారంలో ఒక రోజు కూలివాడిదేనన్న మాటను, ఆజ్ఞ చేతిలో ఉన్న మనకన్నా గట్టిగా ఆయన పట్టుకున్నాడు.

మన ఇళ్లలో అంట్లు తోమే ఆమె, "ఆదివారం చర్చికి వెళ్లి పదకొండింటికి వస్తానమ్మా" అని అడిగింది. "చుట్టాలొస్తున్నారు, పొద్దున్నే వచ్చెయ్" అన్నాం. జీతంలో కోత లేకుండా ఆమెకు వారానికో రోజు ఇవ్వాలన్న మాట, మైకు సెట్టు మీద గంటలు చర్చించిన మన కమిటీల్లో మనం ఎత్తలేదు.