సైదులు అనే తెలుగు పేరు

పోయిన నెల మా పత్రిక ఆఫీసుకు ఒక కథ వచ్చింది. రాసిన అబ్బాయిది నల్లగొండ పక్క. ఇంతకు ముందు రెండు కథలు పంపాడు, రెండూ సైదులు పేరుతోనే అచ్చయ్యాయి. ఈసారి కథ వెనక ఒక చీటీ గుచ్చి ఉంది. ‘సార్, దీనికి నా పేరు సాయి అని వేయండి’ అని. ఫోన్ చేసి ఎందుకని అడిగాను. కాసేపు నసిగి చెప్పాడు. హైదరాబాదులో గది కోసం తిరుగుతున్నాడట. ఒక ఇంటావిడ గది చూపించింది, నీళ్లెప్పుడొస్తాయో చెప్పింది, అడ్వాన్సు మాట్లాడింది, చివర్న పేరు అడిగింది. చెప్పగానే “మీరు సాయిబులా?” అంది. కాదన్నాడు. “మరి ఆ పేరేంది?” అంది. మళ్లీ ఫోన్ చేస్తానని తలుపేసుకుంది, చేయలేదు.

“నాకు జవాబు ఎరికే సార్. కానీ గడపల నిలబడి చెప్పే ముచ్చట కాదది” అన్నాడు.

గడప దగ్గర కుదరని ఆ ముచ్చట చెప్పడానికి ఈసారి ఈ పేజీని వాడుకుంటున్నాను.

నల్లగొండ, సూర్యాపేట వైపు ఏ పాత బడి హాజరుపట్టీ తెరిచినా యాదగిరి ఉంటాడు, లింగయ్య ఉంటాడు, సైదులు ఉంటాడు. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కితే పుట్టినవాడు యాదగిరి. చెరువుగట్టు జడల రామలింగేశ్వరుడికో, దురాజ్‌పల్లి గట్టు మీది లింగమంతులకో మొక్కితే పుట్టినవాడు లింగయ్య. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కితే పుట్టినవాడు సైదులు. పంతులు పేర్లు పిలుస్తుంటే ముగ్గురూ ఒకే బెంచీ మీంచి పలికేవాళ్లు. అందులో ఒక పేరు వేరే అని ఆ పంతులుకూ తోచలేదు, ఆ పిల్లలకూ తోచలేదు.

తెలుగునేల మీద పేరు వింటే ఊరు చెప్పవచ్చు. సమ్మయ్య, సారయ్య అంటే మేడారం జాతరకు పోయే వరంగల్లు వైపు మనిషి. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. పెంచలయ్య అంటే నెల్లూరు జిల్లా పెంచలకోన. కోటయ్య అంటే కోటప్పకొండ, అప్పన్న అంటే సింహాచలం. సైదులు కూడా అలాంటి పేరే. అది ముందు చెప్పేది మతం కాదు, ఊరు.

జాన్‌పహాడ్ ఇప్పుడు సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలో ఉంది. 2016లో జిల్లాలు విడిపోకముందు నల్లగొండ జిల్లాదే. ఏటా జనవరిలో ఉర్సు. గంధం ఊరేగింపు నాడు అక్కడ ఇసుక వేస్తే రాలదు. చుట్టుపక్కల తండాల నుంచి లంబాడాలు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రైతులు, కృష్ణ దాటి పల్నాటి నుంచి వచ్చేవాళ్లు అందరూ ఉంటారు. చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టి, మొక్కు మేకతో కందూరు వండుతారు. లోపల ముజావర్ ఫాతెహా చదివి, చక్కెర చేతిలో పోసి, నెమలీకల కట్టతో పిల్లవాడి తల నిమురుతాడు. అంతకు ముందే ఆ తలకు పుట్టెంట్రుకలు తీయించి ఉంటారు. గుండు మీద ఇంకా పసుపో గంధమో తడిగా ఉంటుంది. వాడు ఏడుస్తూనే చక్కెర నాకుతుంటాడు. వాడికి అప్పుడే సైదులు అని పేరు పడుతుంది. ఆడపిల్ల అయితే సైదమ్మ. రెడ్ల ఇళ్లలో సైదిరెడ్డి, తండాలో సైదా నాయక్. 2019 అక్టోబరులో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో శానంపూడి సైదిరెడ్డి గెలిచినప్పుడు ఆ పేరు రాష్ట్రమంతా వినిపించింది. నల్లగొండ వాళ్లకు మాత్రం అది రోజూ పిలిచే పేరే.

ఈ పేరులో నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది చివరి అక్షరం. తెలుగులో బహువచనం లెక్క కోసమే కాదు, మర్యాద కోసం కూడా. రాముణ్ణి రాములంటాం. వేంకటేశ్వరుడు వెంకటేశ్వర్లు, ఆంజనేయుడు ఆంజనేయులు. ఉన్నది ఒక్కరే. పక్కన ‘లు’ చేరగానే చేతులు కట్టుకుని పిలిచినట్టవుతుంది. సైదులుకు మూలమైన సయ్యద్ అరబ్బీ మాట. ప్రభువు, పెద్ద అని అర్థం. ప్రవక్త వంశం వారికి గౌరవంగా వాడతారు. ఆ మాట మన పల్లెల నోట్లో నలిగి సైదు అయింది. ఆ తరువాత తమ దేవుళ్లందరికీ ఇచ్చిన ‘లు’నే జనం దానికీ ఇచ్చారు. సైదులు అనే మాట అరబ్బీలో లేదు, ఉర్దూలో లేదు. మర్యాదకు బహువచనం వాడే తెలుగు నోట్లోనే పుట్టింది. ముస్లిం ఇళ్లలో సయ్యద్ సాధారణంగా పేరుకు ముందుండే వంశనామం. పిల్లవాణ్ణి సైదులు అని పిలుచుకున్నవి ఎక్కువగా హిందువుల ఇళ్లే. ఆ ఇంటావిడకు పరాయిగా వినిపించిన పేరు అచ్చంగా ఆమె మాట్లాడే భాషలో తయారైన పేరు.

దీనికి తోబుట్టువులున్నాయి. కడప, కర్నూలు వైపు దస్తగిరి అనే పేరు వింటాం. పారశీకంలో దస్త్ అంటే చెయ్యి, గీర్ అంటే పట్టుకునేవాడు. పడిపోయేవాడి చెయ్యి పట్టుకునేవాడని బాగ్దాదు సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఆ బిరుదు. రాయలసీమలో ఆ ‘గీర్’ మన ‘గిరి’ అయిపోయి, యాదగిరి పక్కన దస్తగిరి ఇంకో కొండ పేరులా కూర్చుంది. నెల్లూరు, గుంటూరు జిల్లాల్లో మస్తాన్, మస్తానయ్య, మస్తానమ్మ. అదీ పారశీకమే. దేవుడి ధ్యాసలో మత్తెక్కి ఒళ్లు మరిచినవాడని అర్థం. తెలంగాణలో ‘మస్తుగుంది’ అనేటప్పుడు వాడే మస్తు కూడా ఆ మస్త్ నుంచి వచ్చిందే. నెల్లూరు జిల్లా కసుమూరు దర్గాలో ఉన్న వలీ పేరు మస్తానే. ఆ జిల్లాలోనే గాంధీ జనసంగం అనే పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ కొండల్లో ప్రాణం విడిచాడు. ఎవరెస్టు దాకా మన జెండాతో పాటు వెళ్లిన పేరు అది.

ఇలాంటి పేర్లను సభల్లో మత సామరస్యానికి ప్రతీకలు అంటుంటారు. తప్పు మాట కాదు, కానీ చాలని మాట. కొడుక్కి సైదులు అని పేరు పెట్టుకున్న తల్లి సామరస్యం చూపించడానికి జాన్‌పహాడ్ పోలేదు. ఇద్దరు పుట్టి పోయారు, మూడోవాడు కడుపున పడ్డాడు. ‘వీడు దక్కితే నీ పేరే పెట్టుకుంట, ఎంటికలు నీ కాడనే తీపిస్త’ అని మొక్కుకుంది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. అవి సగటు లెక్కలు. డాక్టరు లేని పల్లెలో లెక్క ఇంకెంత ఉండేదో ఊహించుకోవాల్సిందే. పెంటయ్య, బిక్షం లాంటి పేర్లు కూడా ఆ భయంలోంచే వచ్చాయి. పిల్లవాణ్ణి పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే, వాడి పేరు మీద బిచ్చమెత్తితే చావు చూపు తప్పుతుందని ఆశ. పెంటయ్యలో ఆ భయం ఇంకా కనిపిస్తుంది. సైదులులో కనిపించేది దక్కించిన వాడి మీద కృతజ్ఞత. పిల్లవాడు బతికినన్నాళ్లూ, ఎవరు పిలిచినా, ఆ మొక్కు తీరుతూనే ఉంటుంది.

2020 నాటికి ఆ 129 కాస్తా 28కి దిగింది. సంతోషించాల్సిన సంగతి. పిల్లలు బతుకుతున్నారు కనుక మొక్కులు తగ్గాయి, మొక్కులతో పాటు పేర్లూ తగ్గాయి. ఇప్పుడు నక్షత్రం చూసి, మొదటి అక్షరం అడిగి, రెండు మూడక్షరాల్లో వెతుకుతున్నారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఏ తరం పేర్లు ఆ తరానివే. యాదగిరి కొడుకు కూడా యాదగిరి కావడం లేదు కదా. నా బాధంతా ఉన్న సైదులు తన పేరు దాచుకోవాల్సి రావడం గురించే. యాదగిరి అలా దాచుకోనక్కర్లేదు. సైదులుకు ఒక ‘సాయి’ చాటు దొరికింది. అందులో దూరితే గది దొరుకుతుంది. తగ్గేది ఒక్క అక్షరమే. ఆ తల్లి రెండు గర్భశోకాలు, ఆ మొక్కు, బస్సులో మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని జాన్‌పహాడ్ దాకా చేసిన ప్రయాణం అన్నీ ఆ తగ్గిన అక్షరంలోనే ఉన్నాయి.

ఆ అబ్బాయికి ఇదంతా చెప్పలేదు, వాడికి తెలియనిది ఇందులో ఏముంది. ఒక్కటే అడిగాను, అమ్మను అడిగావా అని. లేదన్నాడు. నాలుగు రోజుల తరువాత వాడే ఫోన్ చేశాడు. గది దొరికిందట, నల్లగొండ వాళ్లదే ఇల్లు, పేరు చెప్పగానే “జాన్‌పాడు మొక్కా?” అన్నారట. కథకు పేరు సంగతి అడిగాను.

“పాత పేరే ఎయ్యండి సార్. అమ్మ ఒక పుస్తకం ఎక్కువ పంపమన్నది. ఆమెకు చదువు రాదు గానీ, ఉర్సుకు పోయేటప్పుడు తీస్కపోతదంట.”

కథ ఈ సంచికలో ఉంది. రెండు ప్రతులు విడిగా కట్ట కట్టించి పెట్టాను.