పియానో గాంధారానికి 14 సెంట్లు ఎక్కువ

మీ దగ్గర డిజిటల్ పియానో ఉందా? ఉంటే ఒకసారి సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'టెంపరమెంట్' అనో, 'స్కేల్ ట్యూనింగ్' అనో ఉందేమో చూడండి. యమహా, రోలాండ్, కవాయ్ మోడళ్లు చాలావాటిలో ఉంటుంది. మామూలుగా అక్కడ 'ఈక్వల్' అని సెట్ చేసి ఉంటుంది. దాని కింద ప్యూర్ మేజర్, పైథాగరియన్, మీన్‌టోన్, వెర్క్‌మైస్టర్ లాంటి పేర్లు కనిపిస్తాయి. చాలామంది ఈ మెనూ జోలికే పోరు. ఈ వారం మనం పోదాం.

128కీ 129.75కీ గొడవ

ముందు చిన్న లెక్క. షడ్జానికి ఒకటిన్నర రెట్లు పంచమం. పంచమం మీద పంచమం ఎక్కుతూ 12 మెట్లు పోతే మళ్లీ షడ్జానికే రావాలి కదా? 1.5ను 12 సార్లు గుణించి చూడండి. 129.75 వస్తుంది. ఏడు స్థాయిల పైనున్న షడ్జమేమో 128 దగ్గర ఉంటుంది. రెండూ కలవవు. ఈ మిగులును ఏ స్వరం నెత్తిన వెయ్యాలి? యూరప్‌లో వందల ఏళ్లు నడిచిన తగాదా ఇదే.

మీన్‌టోన్‌లో గాంధారాలు తియ్యగా ఉండాలని 11 పంచమాలను కొంచెం కొంచెం తగ్గించారు. ఆ భారమంతా మిగిలిన ఒక్క పంచమం మీద పడింది. అది ఎంత ఘోరంగా ఉంటుందంటే, అక్కడివాళ్లు దానికి 'తోడేలు' అని పేరు పెట్టారు. మీ పియానోలో మీన్‌టోన్ పెట్టి ఒక్కొక్క పంచమమే నొక్కుతూ పోండి, ఎక్కడో ఒకచోట ఆ ఊళ వినిపిస్తుంది. 1691లో వెర్క్‌మైస్టర్ అనే జర్మన్ సంగీతవేత్త తోడేలు లేని పద్ధతి ఒకటి రాశాడు. 1722లో బాఖ్ 12 మెట్ల మీదా, మేజర్‌లోనూ మైనర్‌లోనూ వాయించే రచనలతో ఒక పుస్తకమే కట్టాడు.

చివరికి గెలిచింది ఈక్వల్ పద్ధతి. నష్టాన్ని అందరికీ సమానంగా పంచేశారు. పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే, పంచమం 2 సెంట్లే తగ్గింది. అంతర గాంధారం మాత్రం దాదాపు 14 సెంట్లు పెరిగింది.

సూది చెప్పిన తీర్పు

ఆ 14 సెంట్లతో మనకేం పని అంటారా? మా అక్క కూతురు కార్వేటినగరంలో ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని సాధన చేస్తుంది. ఒకరోజు అడిగింది: "సూది ఎప్పుడూ ఎడంపక్కకే పోతాండాది మామా. నా గొంతు తప్పా?"

తప్పు కాదు. తంబురాకు అతికినట్టు శుద్ధంగా పాడితే గాంధారం అక్కడే ఉంటుంది. యాప్ కొలిచేది పియానో గాంధారాన్ని. నమ్మకపోతే మీరే చూడండి. తంబురా యాప్‌ను 'సీ' శ్రుతిలో పెట్టి, పియానో మీద 'ఈ' నొక్కి పట్టుకోండి. ఈక్వల్‌లో సెకనుకు దాదాపు పదిసార్లు ఒక అదురు వినిపిస్తుంది. ఇప్పుడు బేస్ నోట్ 'సీ'గా ప్యూర్ మేజర్‌కు మార్చండి. అదురు ఆగిపోతుంది. ఇంట్లో నడిచే ఫ్యాన్‌ను ఆపితే వచ్చే నెమ్మది అది.

పాశ్చాత్య సంగీతంలో పాట మధ్యలో శ్రుతి మారుతూ ఉంటుంది కాబట్టి వాళ్లకు ఈక్వల్ కావాలి. మనం కచేరీ మొదలుపెట్టిన షడ్జం మీదే ముగిస్తాం. మారనప్పుడు ఆ నష్టం మనమెందుకు మొయ్యాలి? ఒక్క జాగ్రత్త. షడ్జాన్ని 'డీ'కి మార్చుకుంటే బేస్ నోట్‌ను కూడా 'డీ'కి మార్చండి. లేదంటే పంచమం 22 సెంట్లు దిగిపోయి తోడేలు మళ్లీ లేస్తుంది.

సారంగపాణి మెనూలో దొరకడు

అయితే బటన్ మారిస్తే పని అయిపోయినట్టేనా? కాదు. మా ఊరి వేణుగోపాలస్వామి మీద పదాలు కట్టిన సారంగపాణి, సంస్థానం రోజుల్లో ఇక్కడే ఉన్నాడు. శహానలో ఆయన పదం ఒకటి పియానో మీద వాయించడానికి ఈ మెనూ అంతా తిరిగాను. ఏ పద్ధతిలోనూ శహాన గాంధారం చిక్కలేదు. అది ఒకచోట కూర్చునే స్వరం కాదు, మధ్యమాన్ని తాకుతూ కదులుతూ ఉంటుంది. నిలబడే స్వరానికి ట్యూనింగ్ చాలు, కదిలే స్వరానికి గమకం కావాలి.

ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టడానికి ఒక పెద్ద కారణం ఇదే. వీణకు ఈ బాధ లేదు. 24 మెట్లను మైనం మీద చెవితో సరిచూసి నిలబెడతారు, ఆపైన తీగను లాగి గమకం పలికిస్తారు. పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ కూడా పాశ్చాత్య వాద్యం మీద తీగను లాగే కర్ణాటక సంగీతాన్ని పలికించాడు. పియానో మెట్టును లాగలేం కదా!

అందుకని పియానోను తీసి అటక మీద పెట్టమనను. సరళీ వరసలకూ, శంకరాభరణం గీతాలకూ ప్యూర్ మేజర్ పెట్టుకోండి. సినిమా పాటల కార్డ్స్‌కు ఈక్వల్ ఉంచండి. శహాన దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూత వేసి గొంతెత్తండి. సూది ఎటు పోయినా సరే, ముందు తంబురా ఏమంటుందో వినండి.