ఆస్పత్రి స్ట్రెచరు కూడా బండే

లారీ వస్తే పక్కకు తప్పుకుంటాం. ఆస్పత్రి వరండాలో స్ట్రెచరు వస్తే అంత జాగ్రత్తపడం, నడిచే మనిషి వేగమే గదా అని. ఇటీవల ఒక ఆస్పత్రిలో మా బావగారిని తీసుకువెళుతుండగా, మలుపులో స్ట్రెచరు కొస ఒక ముసలమ్మ మడమకు కొట్టుకుంది. మనవణ్ణి చూడవచ్చిన ఆమె కుంటుతూ వెళ్లింది.

తోసేవాణ్ణి తిట్టి లాభం లేదు. మలుపు అవతల ఎవరున్నారో అతనికి కనపడదు. లోపం బండిలోనే ఉంది. 60 కిలోల రోగి, 40 కిలోల బండి అనుకుంటే మొత్తం 100 కిలోలు. ఆ బరువంతా ఇనుప గొట్టం కొసన ఒక్కచోట తగిలితే ఎముకకే దెబ్బ. అక్కడ వెడల్పయిన మెత్తని రబ్బరు తొడుగు ఉంటే ఆ తాకిడి పరుచుకుని తగ్గుతుంది. ఇదేమంత ఖర్చు?

వాలుదారి దగ్గర ప్రమాదం మరీ ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ 2021 మార్గదర్శకాల ప్రకారం ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు వాలు ఉండాలి. అప్పుడు ఆ బండి సుమారు 8 కిలోల బరువుతో కిందికి లాగుతుంది, ఒక మనిషి ఆపగలడు. 6 అడుగులతో సరిపెడితే ఆ లాగుడు 16 కిలోలవుతుంది. అక్కడ చేయి జారితే బ్రేకే దిక్కు.

మేము తోసిన బండికి బ్రేకు ఉంది. తుప్పు పట్టి, ఎంత తొక్కినా దిగలేదు. వార్డుబాయి చక్రం కింద ఇటుక పెట్టాడు.