పీపాల పులుపు, లొట్టి పులుపు

మొన్న పట్నంల అల్లుడు చెర్రీ పండ్లేసి చెక్క పీపాల పులియబెట్టిన విదేశీ బీరు తాపిండు. రెండు గుటకలకే మాపటిదాకా ఉంచిన ఈతకల్లు యాదికొచ్చింది. బెల్జియంల లాంబిక్ అనే బీరు గాలిల ఉండే ఈస్టుతోనే పులుస్తదట. మన లొట్టిల కల్లు గూడ గంతే, ఏం కలపకుండనే పులుస్తది.

గసొంటిది ఇడిసి క్లోరల్ హైడ్రేట్, డైజిపాం కలిపిన మందుకల్లు తాగుతున్నరు మన పాలమూరు, నల్లగొండల. అలవాటైనోళ్లకు ఒక్కపారి బందైతె వణుకు, పిచ్చిమాటలు.

నా మాట ఒక్కటే: ఒడ్డుమీది తాళ్లు, ఈతచెట్లు కొట్టకుండ్రి. చెట్టు లేకుంటె మందుకల్లే దిక్కయితది. తాగేటోళ్లు గీసే గౌడన్నకు రెండు రూపాయలు ఎక్కువిచ్చి చెట్టుకల్లే అడుగుండ్రి.