ఈసారి విహారయాత్రలో మమ్మల్ని నడవనివ్వండి

ఈ నెల గోడపత్రికలో నా అభిప్రాయం రాస్తున్నాను. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. తప్పులుంటే మన్నించండి, విషయం మాత్రం చూడండి.

పోయిన సంవత్సరం మనం విశాఖపట్నం వెళ్లాం కదా. జూ చూశాం. కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి వంగి వంగి నడిచాం. ఆర్కే బీచ్‌లో మోకాళ్ల లోతు నీళ్లలో దిగి కేకలు వేశాం. తర్వాత భీమిలి రోడ్డులో తొట్లకొండకు వెళ్లాం. బస్సు తిన్నగా పైదాకా ఎక్కేసింది. కట్టడాలు చూసి, ఫొటో దిగాం. సముద్రం వైపు ఒక కాలిబాట కనిపించింది. నడుస్తామని అడిగాం. “వద్దు. ఆడపిల్లలు. కాలు జారితే ఎవరు జవాబు చెప్తారు?” అన్నారు మాతో వచ్చిన పెద్దవాళ్లలో ఒకరు. సోషల్ టీచర్ గారు బతిమాలితే పదిమందిని పది నిమిషాలు పంపించారు. ఆ పదిమందిలో నేనున్నాను. మిగతా వాళ్లు బస్సులో కూర్చున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

బీచ్‌లో నిలబడితే సముద్రమంటే అలలే. కొండ అంచు నుంచి చూస్తే అలా కాదు. అలలు సన్నటి తెల్ల దారాల్లాగ ఉన్నాయి. చప్పుడు ఆలస్యంగా వస్తోంది. ఒడ్డు దగ్గర నీళ్లు మట్టి రంగు, తర్వాత పచ్చ, ఆ తర్వాత నీలం. తొట్లకొండ ఎత్తు సుమారు 128 మీటర్లు. మన లెక్కల టీచర్ గారిని అడిగితే పైథాగరస్ సిద్ధాంతంతో బోర్డు మీద చేసి చూపించారు. భూమి గుండ్రం కాబట్టి, ఒడ్డున నిలబడిన మనిషికి సుమారు 4 కిలోమీటర్ల సముద్రమే కనిపిస్తుందట. అంత ఎత్తు నుంచి అయితే సుమారు 40 కిలోమీటర్లు. అంటే పది రెట్లు. పది రెట్లు చూసే అవకాశం పదిమందికే వచ్చింది.

సుమారు 2000 ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఈ కొండ మీద ఉన్నారు. వాళ్లు బండను తొలిచి, వాన నీళ్లు పట్టుకోవడానికి తొట్లు చేసుకున్నారు. వాటి వల్లే తొట్లకొండ అని పేరు. తవ్వకాల్లో రోమ్ దేశపు వెండి నాణేలు కూడా దొరికాయని టీచర్ గారు చెప్పారు. ఆ భిక్షువులు బస్సులో ఎక్కలేదు కదా.

ఎడమ చేతి వైపు చూపించి టీచర్ గారు, “అటే భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసేది అక్కడే” అన్నారు. నాకు ఒళ్లు ఝల్లుమంది. గోస్తని పుట్టింది మన అనంతగిరి కొండల్లోనే. బొర్రా గుహల పక్క నుంచి వెళ్లి, తాటిపూడి జలాశయంలో చేరి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పట్నం వాళ్లు తాగే నీళ్లలో తాటిపూడి నీళ్లూ ఉన్నాయి. మా ఊరి గెడ్డ గోస్తనిలోనే కలుస్తుంది.

సెలవుల్లో ఇంటికెళ్లి మా మామ్మకి చెప్పాను. ఆమె ఇప్పటిదాకా సముద్రం చూడలేదు. “మన నీరు కనబడిందేటి?” అని అడిగింది. కనబడలేదు మామ్మా, అటు అని చూపించారు అన్నాను. “మరి నడిసి ఎల్లలేకపోనావేటి?” అంది. నా దగ్గర జవాబు లేదు.

పెద్దవాళ్ల భయం తప్పు అనడం లేదు. మాకేమైనా అయితే మాట పడేది వార్డెన్ మేడమ్ గారే. కాని ఒక్కటి ఆలోచించండి. బీచ్‌లో నీళ్లలో దిగనిచ్చారు. గెడ్డలో మునగడం వేరు, ఆ అలలు వేరు. మనలో ఎవరికీ ఈత రాదు. కొండ మీద నడక మాత్రం అందరికీ వచ్చు. రాని దానికి పంపించి, వచ్చిన దానికి వద్దంటే ఎలాగండి? దూరపు కొండలు నునుపు అంటారు. దగ్గరికెళ్తే రాళ్లు, ముళ్లు ఉంటాయని మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకున్న చెల్లెళ్లకైతే బస్సు కంటే నడకే నయం.

జాగ్రత్తలు కూడా నేనే రాస్తున్నాను. యాత్ర డిసెంబరు, జనవరిలో పెట్టాలి. అప్పుడు ఎండ తక్కువ, బాట తడిగా ఉండదు. పొద్దున్నే నడవాలి. ఇద్దరిద్దరుగా జతలు కట్టాలి, ఎక్కేముందు, దిగాక తలలు లెక్కపెట్టాలి. హవాయి చెప్పులు వద్దు, బడి బూట్లు వేసుకోవాలి. తలా ఒక సీసా నీళ్లు ఉండాలి. అంచుకి పది అడుగుల ఇవతలే ఆగాలి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకి వెళ్తే ఇంకా జాగ్రత్త. అది బండ కాదు, ఇసుక. అంచు విరిగిపోతుంది. అక్కడ కింది దారిలోనే నడవాలి.

చివరిగా ఒక మాట. మా అమ్మ రోజూ కొండెక్కుతుంది. పోడుకి, కట్టెలకి, అడ్డాకులకి, కొండచీపుర్లకి. నెత్తి మీద మోపు లేకుండా దిగడం నేనెప్పుడూ చూడలేదు. ఒక బండ మీద కూర్చుని ఎదురుగా ఏముందో చూసే తీరిక ఆమెకి లేదు. పట్నం వాళ్లు సెలవు రోజున బూట్లు వేసుకుని కొండెక్కుతారు, దానికి ట్రెక్కింగ్ అని పేరు. వాళ్లని తప్పు పట్టడం లేదు. మన కాళ్లకి కూడా మోయడానికి కాకుండా, చూడడానికి నడిచే రోజు ఒకటి ఉండాలి అంటున్నాను.

ఈసారి పదిమంది కాదు, అందరం నడవాలి. మీరేమంటారో కింద ఖాళీలో రాయండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి