యుద్ధమొస్తే సిపాయిలం, శాంతొస్తే అంటరానోళ్లమా?

తుపాకీ పట్టిన చెయ్యి ఏ కులానిదని యుద్ధం నడిచేటప్పుడు ఎవడూ అడగడు. యుద్ధం అయిపోయాకే అడుగుతాడు. మన దేశ సైన్యంలో రెజిమెంట్ల చరిత్ర తిరగేస్తే ఈ ఒక్క సంగతే మళ్లీ మళ్లీ కనబడుతుంది. బడి పుస్తకాల్లో ఈ చరిత్ర ఉండదు. కాబట్టి మన వాడల్లో మనమే చెప్పుకోవాలి.

ముందు రెజిమెంటంటే ఏంటో చూద్దాం. యుద్ధానికి ఒక్కుమ్మడిగా కదిలిపోయే దండే రెజిమెంటని చాలామంది అనుకుంటారు. మన సైన్యంలో అట్లా కాదు. యుద్ధభూమిలో నిలబడి కొట్లాడేది బెటాలియన్. అందులో సుమారు ఎనిమిది వందల మంది ఉంటారు. ఒక రెజిమెంటుకు అలాంటి బెటాలియన్లు చాలా ఉంటాయి. ఒకటి కశ్మీరులో ఉంటే ఇంకోటి అస్సాంలో ఉండొచ్చు. రెజిమెంటు వాటన్నిటికీ ఇల్లు. పిల్లల్ని చేర్చుకునేది, కవాతు నేర్పేది, జెండానూ పాత యుద్ధాల పేర్లనూ కాపాడేది ఆ ఇల్లే. యుద్ధమొస్తే కొత్త బెటాలియన్లు అక్కడినుంచే పుడతాయి. చనిపోయినవాళ్ల స్థానంలోకి కొత్తవాళ్లు అక్కడినుంచే పోతారు. 1939లో రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి పాతిక లక్షలకు చేరిందంటే ఈ ఇళ్ల వల్లే.

ఇల్లున్నోడికి పేరుంటుంది, లెక్కుంటుంది, అడిగే హక్కుంటుంది. ఇల్లు కూలిస్తే వాడు చేసిన యుద్ధం కూడా మాయమైపోతుంది. మనకు జరిగింది సరిగ్గా ఇదే.

1818 జనవరి 1న భీమా నది ఒడ్డున కోరేగాం దగ్గర ఈస్టిండియా కంపెనీ పటాలం పీష్వా సైన్యాన్ని ఎదుర్కొంది. ఆ పటాలంలో మహార్లు ఎక్కువమంది ఉన్నారు. మరాఠాలు, ముస్లిములు కూడా ఉన్నారు. అక్కడ నిలబెట్టిన స్తంభం మీద చనిపోయిన మహార్ సిపాయిల పేర్లు ఈనాటికీ చదవొచ్చు. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అంబేద్కర్ అక్కడికి పోయి నివాళి పట్టారు. 2018లో ఆ పోరుకు రెండొందలేళ్లు నిండిన రోజున అక్కడికి పోయిన దళితుల మీద దాడులు జరిగాయి. చనిపోయిన సిపాయి పేరు చదువుకోవడం కూడా కొందరికి కంటగింపే!

‘మీరు తెల్లోడి కూలి సిపాయిలు’ అని మనల్ని దెప్పేవాళ్లున్నారు. అయ్యా, అదే కంపెనీ వారి బెంగాల్ సైన్యం నిండా ఉన్నది ఎవరు? అవధ్, బీహారు బ్రాహ్మణులూ రాజపుత్రులూ కాదా? వాళ్లను ద్రోహులని ఏ పుస్తకమూ రాయలేదే! పీష్వా తరఫున కోరేగాంలో కొట్లాడిన అరబ్బులు జీతానికి రాలేదా? అందరూ జీతానికే పోయారు, నింద మాత్రం మన నెత్తిన పడింది.

మనవాళ్లకు సైన్యంలో దొరికింది జీతమొక్కటే కాదు, చదువు కూడా. ఊళ్లో బడి గడప తొక్కనివ్వని కాలంలో కంటోన్మెంట్లలో సిపాయిల పిల్లలకు బడి ఉండేది. బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక బడిలో పంతులు. 1891లో బాబాసాహెబ్ పుట్టింది మౌ కంటోన్మెంటులోనే.

ఆయనకు రెండేళ్లు నిండేసరికే మహార్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. తెల్లదొరలు ‘సైనిక జాతులు’ అని ఒక సిద్ధాంతం కనిపెట్టారు. 1857 తిరుగుబాటు తర్వాత కులానికో కంపెనీ, ప్రాంతానికో పటాలం అని విడదీశారు, ఒకడితో ఒకడు కలవకుండా. ఆ పైన లార్డ్ రాబర్ట్స్ లాంటి సేనానులు ఉత్తరాది జాతులే వీరులన్నారు. మనువు రాసిన గీతనే దొర ఇంగ్లీషులో తిరగరాశాడు. అంటరాని సుబేదారుకు సెల్యూట్ కొట్టమని అగ్రకుల సిపాయికి చెప్పే దమ్ము తెల్లోడికి లేకపోయింది.

ఈ దెబ్బ దక్షిణాదికీ తగిలింది. ఒకప్పుడు కంపెనీ సిపాయిని ఉత్తరాదివాళ్లు ‘తెలంగా’ అని పిలిచేవాళ్లు. ఆ పేరు మన తెలుగు నేల నుంచి పోయిందే. పరయలూ తెలుగువాళ్లూ నిండిన మద్రాసు సైన్యాన్ని ‘వీళ్లు యుద్ధానికి పనికిరారు’ అని కొంచెం కొంచెంగా కోసేశారు. 1928 నాటికి మద్రాసు పదాతి రెజిమెంటే లేకుండా పోయింది. 1941లో యుద్ధం నెత్తిమీదికి రాగానే మళ్లీ పుట్టింది!

మహార్లు ఊరుకోలేదు. 1894లో పింఛను సిపాయి గోపాల్ బాబా వలంగ్‌కర్ అర్జీ రాశాడు. 1910లో శివరాం జాన్బా కాంబ్లే మళ్లీ రాశాడు. అర్జీలకు కరగని సర్కారు మొదటి ప్రపంచ యుద్ధానికి కరిగింది. 1917లో 111వ మహార్ పటాలాన్ని పెట్టారు. యుద్ధం అయిపోయింది, 1921లో తీసేశారు. మజ్హబీ సిక్కులకు పేరు తెచ్చిన సిక్ పయనీర్లను 1933 నాటికి రద్దు చేశారు. 1941లో మళ్లీ వాళ్లకే ఒక రెజిమెంటు కట్టారు. నేటి సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ అదే. 1943 మార్చి 1న చమార్ రెజిమెంటు పుట్టింది. కోహిమాలో జపాను సైన్యాన్ని అడ్డుకుని యుద్ధ గౌరవం సంపాదించింది. 1946లో దాన్నీ రద్దు చేశారు. మూడేళ్ల బతుకు!

నిలబడ్డది మహార్ రెజిమెంటు. 1941లో వైస్రాయి రక్షణ మండలిలో కూచున్న బాబాసాహెబ్ పట్టుబట్టారు. ఆ ఏడాది అక్టోబరు 1న బెల్గాంలో రెజిమెంటు మొదలైంది. ఆ తర్వాత అన్ని కులాలకూ తలుపులు తెరిచింది. మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతపు బిడ్డ జనరల్ కె.వి. కృష్ణారావు, జనరల్ సుందర్‌జీ ఈ రెజిమెంటులోనే అధికారులుగా చేరి దేశ సైన్యానికే అధిపతులయ్యారు. ‘వీరజాతి కాదు’ అని వెళ్లగొట్టినవాళ్ల పేరు పెట్టుకున్న ఇల్లు అది. కులాన్ని బట్టి వీరత్వం ఉంటుందనేది పచ్చి అబద్ధమని చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

మరి ఇవాళ మనం ఏమడగాలి? చమార్ రెజిమెంటును మళ్లీ పెట్టాలని ఉత్తరాదిలో చాలా ఏళ్లుగా అడుగుతున్నారు. స్వాతంత్ర్యం తర్వాత కులం పేర, మతం పేర కొత్త రెజిమెంట్లు పెట్టకూడదన్నది మా విధానమని ఢిల్లీ జవాబు. పాత రాజపుత్ర, జాట్, డోగ్రా పేర్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. పైవాడికి సంప్రదాయం, కిందివాడికి విధానం!

అయినా మాల రెజిమెంటు, మాదిగ రెజిమెంటు కావాలని నేననను. కులానికో గది కట్టింది మనల్ని విడదీయడానికే. ఆ గది తాళంచెవి మనమెందుకు అడగాలి? మనం అడగాల్సింది లెక్క. సైన్యం భర్తీలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ లేదు. సిపాయిల్లో ఎందరం, సుబేదార్లలో ఎందరం, కల్నళ్లలో ఎందరం ఉన్నామో జనం ముందు పెట్టమనాలి. 111వ మహార్లూ చమార్ రెజిమెంటూ చేసిన యుద్ధాలు బడి పుస్తకాల్లోకి ఎక్కాలి.

ఇంకో ముచ్చట మన పిల్లల బతుకుది. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. తెల్లారకముందే రోడ్ల మీద పరుగులు తీస్తున్న మన వాడ పిల్లలు ఇప్పుడు చేరేది నాలుగేళ్లకే. ఆ తర్వాత నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు. మిగిలినవాళ్లకు ఒక్కసారి ఇచ్చే డబ్బే, పింఛను లేదు. వెనక ఎకరాలున్నోడికి నాలుగేళ్లు ఒక అనుభవం. సెంటు భూమి లేనోడికి ఇరవై అయిదేళ్లు రాకముందే మళ్లీ కూలిబాట. 1921లో, 1946లో రెజిమెంటును మొత్తంగా రద్దు చేశారు. ఇప్పుడు ఒక్కొక్క సిపాయినే రద్దు చేస్తున్నారు.

అన్నలారా, అక్కలారా! మన తాతల పాత డిశ్చార్జి కాగితాలు, పతకాలు, పింఛను పుస్తకాలు గూట్లో చెదలు పట్టనీయకండి. వాడవాడనా సిపాయిల పేర్లు రాయండి. ఏ రెజిమెంటు, ఏ యుద్ధం, ఏ ఏడు అన్నీ రాయండి. రావాల్సినవి రాకపోతే సంఘంగా కలిసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పొండి. యుద్ధంలో నెత్తురు అడిగినోడు శాంతిలో లెక్క చెప్పాల్సిందే.

జై భీమ్!