మూడేళ్ల నుంచే చదువు హక్కు కావాలి

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువు మన దేశంలో ఇప్పటికీ హక్కు కాదు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణను, విద్యను మాత్రం 45వ అధికరణం కింద ఆదేశిక సూత్రంగా మిగిల్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా పూర్వ ప్రాథమిక విద్యను ప్రభుత్వాల ఇష్టానికే వదిలేసింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం గుర్తించింది. 2030కల్లా పిల్లలందరికీ నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య అందాలని గడువు కూడా పెట్టింది. గడువు దగ్గర పడుతున్నా హక్కు రాలేదు.

ఈ లోటు ఎవరి మీద పడుతోందో సికింద్రాబాద్ ఏ.ఎస్. రావు నగర్ పరిసరాలు చూస్తే అర్థమవుతుంది. ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వ్యవస్థాపకులు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరుతో వెలసిన ఈ కాలనీలో ప్లేస్కూళ్లకు కొదవ లేదు. ఫీజు కట్టగల ఇంటి బిడ్డ నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ దాటి ఒకటో తరగతికి వస్తుంది. ఆ ఇళ్లలో పనిచేసే తల్లుల పిల్లలకు, చర్లపల్లి పారిశ్రామికవాడ కార్మికుల పిల్లలకు అంగన్‌వాడీయే దిక్కు.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతో పాటు ఆటపాటల చదువునూ అంగన్‌వాడీకి అప్పగించింది. తెలంగాణలో సుమారు 35,700 కేంద్రాలున్నాయి. గుడ్డు, భోజనం, బాలామృతం పిండి పంపిణీ గాడిన పడింది; చదువే వెనుకబడింది. బరువులు తూచడం, సరుకుల లెక్కలు, ఫోన్‌లో వివరాల నమోదు, ఇంటింటి సర్వేలు అన్నీ ఒక్క టీచర్ మీదే ఉన్నాయి. ఇక కథ చెప్పే తీరిక ఎక్కడిది? ఇంత పనికీ 2021లో పెంచిన నెల గౌరవ వేతనం టీచర్‌కు 13,650 రూపాయలు, ఆయాకు 7,800.

బడికి సిద్ధం చేయడమంటే మూడేళ్ల బిడ్డ చేతికి పెన్సిల్ ఇచ్చి అక్షరాలు దిద్దించడం కాదు. ఇంటి భాషలో ధారాళంగా మాట్లాడటం, కథ విని తిరిగి చెప్పడం, గింజలతో లెక్కపెట్టడం, తోటివారితో కలిసి ఆడటం ఈ వయసుకు తగిన చదువు. రాత, బట్టీ రుద్దే ప్రైవేటు ప్లేస్కూళ్లు కూడా పిల్లలకు మేలు చేయడం లేదు.

చేయాల్సింది స్పష్టం. విద్యాహక్కు చట్టాన్ని మూడేళ్ల వయసు నుంచి వర్తింపజేయాలి. ప్రతి అంగన్‌వాడీలో చదువు కోసమే రెండో టీచర్‌ను నియమించాలి. ఇరుకు అద్దె గదుల్లోని నగర కేంద్రాలను దగ్గరి సర్కారు బడుల ఆవరణలోకి మార్చాలి. పనికెళ్లే తల్లులు తిరిగొచ్చేదాకా ఈ కేంద్రాలను తెరిచి ఉంచాలి. ప్లేస్కూళ్లకు రిజిస్ట్రేషన్, తనిఖీ తప్పనిసరి చేయాలి. సర్కారు బడుల్లో కొత్తగా తెరుస్తున్న పూర్వ ప్రాథమిక తరగతులు అంగన్‌వాడీలకు పోటీ కాకూడదు, కొనసాగింపు కావాలి.

ఒకటో తరగతిలో పిల్లల మధ్య కనిపించే అంతరం పుట్టుకతో వచ్చింది కాదు, విధానం వల్ల వచ్చింది. దాన్ని సరిదిద్దాల్సిన బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే.